గుడ్డ మీద పాదముద్ర, ఒడిలో బిడ్డ: హుసేన్ 'మదర్ థెరిసా' చిత్రాల్లో పియెటా గాథ

వ్యాససంగ్రహం: మక్బూల్ ఫిదా హుసేన్ 1980 నుంచి పలుమార్లు చిత్రించిన 'మదర్ థెరిసా' శ్రేణి క్రైస్తవ కళలోని పియెటా గాథకు అర్ధనైరూప్య రూపం. ఆ చిత్రాల్లో ముఖం లేకపోవడాన్ని చిత్రకారుడి మాతృవియోగంతో ముడిపెట్టి వివరించడం పరిపాటి. ఆ వివరణ చిత్రం పుట్టుకను చెబుతుందే గాని చిత్రం పనిచేసే తీరును చెప్పదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అమరావతి, నాగార్జునకొండ శిల్పాల్లోని ప్రతీకపద్ధతిని గీటురాయిగా తీసుకొని, ఈ శ్రేణిలో గుడ్డ నిర్వహించిన పాత్రను, శ్రేణి బలాన్ని, బలహీనతను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: హుసేన్, మదర్ థెరిసా, పియెటా, అర్ధనైరూప్యం, అమరావతి, నాగార్జునకొండ, చీర అంచు.

ఉపోద్ఘాతం

హాలియా నుంచి పెద్దవూర మీదుగా సాగర్‌కు వెళ్ళే దారి చివర, జలాశయం మధ్యలో, ఇక్ష్వాకుల విజయపురి శిల్పాలు ఉన్నాయి. 1926లో వెలుగుచూసిన ఆ లోయను మొదట లాంగ్‌హర్స్ట్, తరువాత 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలోని బృందం తవ్వి, నీట మునగకముందే దొరికినంత పైకి చేర్చారు. లాంచీ దిగి మ్యూజియంలో అడుగుపెట్టిన వారికి ఒక సందేహం తప్పక కలుగుతుంది. కొన్ని ఫలకాల్లో బుద్ధుడు మనిషిగా నిలబడి ఉన్నాడు. కొన్ని చోట్ల పాదాల జత మాత్రమే ఉంది. ఆ అరికాళ్ళ మీద చక్రం, స్వస్తికం వంటి మంగళచిహ్నాలు ఉన్నాయి. ఒకే లోయలో, ఒకే రాతిలో, కథానాయకుణ్ణి చూపడం, చూపకపోవడం రెండూ సాగాయి. కనుక చూపకపోవడం చేతకానితనం కాదు, ఎంపిక.

ఈ సంగతిని ఇక్కడ ముందుగా చెప్పడానికి కారణం ఉంది. ఆధునిక చిత్రకళలో ముఖం లేని బొమ్మ కనబడగానే దాన్ని పాశ్చాత్య నైరూప్యకళ ప్రభావంగా లెక్కకట్టడం మన విమర్శలో అలవాటయింది. ఆ లెక్క అన్నిచోట్లా సరిపోదు. హుసేన్ మదర్ థెరిసా చిత్రాలు అందుకు మంచి ఉదాహరణ. ఆయన పుట్టింది పండరీపురంలో, పేరు తెచ్చుకున్నది బొంబాయిలో. అయినా హైదరాబాదుతో ఆయన అనుబంధం దీర్ఘమైనది. బదరీవిశాల్ పిత్తి నడిపిన హిందీ పత్రిక 'కల్పన'కు బొమ్మలు వేయడం, 1968 నుంచి సాగిన రామాయణ చిత్రశ్రేణి, సినిమాఘర్, హైదరాబాదును మూడు నగరాల్లో ఒకటిగా చేసుకున్న 'మీనాక్షి' చిత్రం (2004) ఆ అనుబంధానికి గుర్తులు. తెలుగులో ఆయన గురించి రాసినదాంట్లో వివాదాలకు దక్కినంత చోటు చిత్రాలకు దక్కలేదు.

సువార్తల్లో లేని ఒడి

పియెటా అంటే ఇటాలియన్ భాషలో కరుణ, జాలి. సిలువ నుంచి దింపిన యేసు దేహాన్ని తల్లి మరియ ఒడిలో పెట్టుకొని కూర్చున్న దృశ్యానికి కళాచరిత్రలో ఆ పేరు స్థిరపడింది. క్రైస్తవ గృహాల్లో ఇంతగా పరిచితమైన ఈ దృశ్యం నాలుగు సువార్తల్లో ఎక్కడా లేదు. యోహాను సువార్త 19వ అధ్యాయంలో మరియ సిలువ దగ్గర నిలబడి ఉంది. అరిమతయియ యోసేపు పిలాతును అడిగి దేహాన్ని తీసుకొని సమాధి చేశాడు. ఆ రెండు సంఘటనల నడుమ తల్లి ఒడి ప్రసక్తి లేదు. భక్తుల ధ్యానం ఆ ఖాళీని పూరించింది. పద్నాలుగో శతాబ్దపు జర్మను ప్రాంతాల్లో కొయ్య విగ్రహంగా మొదలైన ఈ ఊహ 1498–99లో మైకెలాంజిలో చేతిలో చలువరాయి అయింది. శాస్త్రంలో లేనిది లోకం నోట, చేతులలో రూపుదిద్దుకోవడం తెలుగు పాఠకులకు కొత్త కాదు. లక్ష్మణుడి మూర్ఛను గుర్తుంచుకున్న జనమే ఊర్మిళ నిద్రను కూడా పాటగా కట్టుకున్నారు. కనుక పియెటాను గాథ అనడంలో చిన్నచూపు లేదు. అది మూలగ్రంథం వదిలిన చోట మొలిచిన కథ అని మాత్రమే అర్థం.

మైకెలాంజిలో శిల్పంలో ఒక శిల్పసమస్య ఉంది. పూర్తిగా ఎదిగిన పురుషుడి దేహాన్ని కూర్చున్న స్త్రీ ఒడిలో ఇమిడ్చితే చూడటానికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఆయన దాన్ని గుడ్డతో పరిష్కరించాడు. మరియ వస్త్రాన్ని మోకాళ్ళ మీద వెడల్పుగా, లోతైన ముడతలతో పరచి, ఒడిని ఒక వేదికలా విస్తరింపజేశాడు. గుడ్డ లేకపోతే ఆ కూర్పు నిలవదు. హుసేన్ ఆ శిల్పం నుంచి తీసుకున్నది దుఃఖాన్ని కాదు, గుడ్డనే అని నా అభిప్రాయం.

చిత్రాల కూర్పు

మదర్ థెరిసాకు 1979లో నోబెల్ శాంతి బహుమతి, మరుసటి ఏడు భారతరత్న లభించాయి. హుసేన్ ఆమెను చిత్రించడం ఆ రోజుల్లోనే మొదలై, తరువాతి దశాబ్దాల్లో నూనెరంగుల్లో, ఆక్రిలిక్‌లో, నీటిరంగుల్లో, ముద్రితచిత్రాల్లో మళ్ళీ మళ్ళీ సాగింది. వాటన్నిటినీ ఒకే చిత్రంగా మాట్లాడటం సరికాదు. అయినా శ్రేణిలో తరచు కనిపించే కూర్పు ఒకటి ఉంది.

వెనుక భూమి చదునుగా ఉంటుంది. ముదురు గోధుమ, నలుపు, ఒక్కోసారి మట్టి ఎరుపు. దాని మీద తెల్లని చీర ఒక పెద్ద ముద్దగా, కొండచరియలా దిగుతుంది. తల మీద ముసుగు ఉంది. ముసుగు లోపల ముఖం ఉండవలసిన చోట నల్లని ఖాళీ. చీర అంచున నీలి చారలు. ఆ చారలే బొమ్మకు ఎముకలు. ఎక్కడ భుజం తిరిగిందో, ఎక్కడ మోకాలు వంగిందో కండరం చెప్పదు, చార వంపు చెబుతుంది. చీర మడతల్లోంచి చేతులు వస్తాయి. రెండే రావాలని లేదు. ఒడిలో అడ్డంగా ఒక బిడ్డ. కొన్నింటిలో బక్కచిక్కిన పెద్దవాడు. కొన్ని చిత్రాల్లో ముసుగులు రెండు, మూడు అవుతాయి. అవి వేరువేరు సిస్టర్లా, ఒకే మనిషి కదలికలా అన్నది చిత్రం తేల్చదు.

ఈ కూర్పులో గమనించవలసిన నిష్పత్తి ఒకటుంది. ముఖం, దేహం, నేపథ్యం అన్నీ నైరూప్యంవైపు జరిగాయి. చీర అంచు మాత్రం వాస్తవంగానే ఉంది. మిషనరీస్ ఆఫ్ చారిటీ సిస్టర్ల చీరకు మూడు నీలి చారలుంటాయని తెలిసినవారు వెంటనే గుర్తుపడతారు. అర్ధనైరూప్యం అన్న మాటలో 'అర్ధం' ఎక్కడ ఆగిందో ఈ శ్రేణిలో వేలుపెట్టి చూపవచ్చు.

ముఖం లేకపోవడానికి చెప్పే కారణం

హుసేన్ పసివాడుగా ఉండగానే తల్లి జైనబ్ మరణించింది. ఆమె ముఖం తనకు జ్ఞాపకం లేదని ఆయన అనేకసార్లు చెప్పుకున్నాడు. అందువల్లనే ఆయన చిత్రించిన తల్లికి ముఖం లేదన్న వ్యాఖ్యానం స్థిరపడింది. ఆయన కూడా దాన్ని కాదనలేదు. హృదయాన్ని తాకే వివరణ కావడం వల్ల అది ప్రశ్నకు అతీతమైపోయింది.

ఆ వివరణతో నాకున్న పేచీ రెండు విధాలు. మొదటిది, అది చిత్రకారుడి సంగతి చెబుతుంది, చూపరి సంగతి చెప్పదు. హుసేన్ బాల్యం తెలియని మనిషి ఆ చిత్రం ముందు నిలబడినా అది మదర్ థెరిసా అని, బిడ్డను ఎత్తుకుందని, అందులో శోకంకంటే అభయం ఎక్కువని గ్రహిస్తాడు. ఎలా గ్రహించాడు? రెండోది, బొంబాయిలో సినిమా హోర్డింగులు గీసి పొట్టపోసుకున్నవాడు హుసేన్. ఇరవై అడుగుల ఎత్తున తారల ముఖాలు గీయడం ఆయనకు కూలిపని. ముఖం ఎంత సులువుగా జనాన్ని లాగుతుందో ఆయనకన్నా తెలిసినవారు తక్కువ. నోబెల్ వచ్చిన నాటికి మదర్ థెరిసా ముడతల ముఖం ప్రపంచంలోని ప్రతి వార్తాపత్రికలోనూ ఉంది. హోర్డింగు చిత్రకారుడు కోరుకునే ముఖం అది. దాన్ని తీసివేయడంలో జ్ఞాపకలోపంతోబాటు వృత్తిజ్ఞానం కూడా ఉందని ఊహించడం అన్యాయం కాదు.

గుడ్డ మోసే అర్థం

ఇక్కడ అమరావతికి వెళ్ళాలి. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక అమరావతి ఫలకం నాలుగు గళ్ళుగా విభజితమై ఉంది. ఒక గడిలో మాయాదేవి స్వప్నం. ఒకదానిలో శుద్ధోదనుడి కొలువులో ఆ స్వప్నఫల విచారణ. కింది గళ్ళలో జననం, ఆ తరువాత శిశువును శాక్యుల కులదైవమైన యక్షుడికి చూపించడం. జననదృశ్యంలో మాయాదేవి చెట్టుకొమ్మ పట్టుకొని త్రిభంగిలో నిలబడింది. పక్కన దేవతలు ఒక పొడవాటి గుడ్డను చేతుల మీద పట్టుకొని ఉన్నారు. గుడ్డ మీద శిశువు లేడు. రెండు చిన్న పాదముద్రలు ఉన్నాయి. యక్షుడి గడిలోనూ అంతే: స్త్రీ చేతుల్లో గుడ్డ, గుడ్డలో అడుగుల గుర్తు, ఎదుట తలవంచిన యక్షుడు.

ఇటువంటి శిల్పాలను గురించి పండితుల్లో పెద్ద వాదమే నడిచింది. తొలి బౌద్ధకళలో బుద్ధుణ్ణి మానవరూపంలో చూపరాదన్న నియమం ఉండేదన్న పాత సిద్ధాంతాన్ని సుసాన్ హంటింగ్టన్ 1990లో ప్రశ్నించింది. ఖాళీ ఆసనం ముందు మొక్కుతున్న జనం ఉన్న శిల్పాలు చాలావరకు లేని బుద్ధుణ్ణి చూపడానికి చెక్కినవి కావని, పుణ్యస్థలాల్లో తరువాతి భక్తులు చేసే పూజనే చూపుతున్నాయని ఆమె వాదన. మరుసటి ఏడు విద్యా దెహేజియా సమాధానమిచ్చింది. ఒకే చిహ్నం ఒకచోట బుద్ధుణ్ణి, ఒకచోట స్థలాన్ని, ఒకచోట గుణాన్ని సూచించగలదని, ఒక్కోసారి అన్నిటినీ కలిపి సూచిస్తుందని ఆమె నిలిపింది. ఆ వాదంలో తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. అయితే గుడ్డ మీది పాదముద్రల విషయంలో హంటింగ్టన్ వివరణ అంత సులువుగా అతకదు. అది పూజాస్థలం కాదు, జరుగుతున్న కథ. అక్కడ శిశువు ఉండాలి, లేడు, ఆ లేమిని గుడ్డ మోస్తున్నది.

ఈ ఫలకాన్ని హుసేన్ చిత్రం పక్కన ఊహించుకుంటే ఒక తలకిందుల పోలిక బయటపడుతుంది. అమరావతిలో తల్లికి ముఖం ఉంది, గుడ్డ ఉంది, బిడ్డ లేడు. హుసేన్ చిత్రంలో బిడ్డ ఉన్నాడు, గుడ్డ ఉంది, తల్లికి ముఖం లేదు. రెండింటిలోనూ మారనిది గుడ్డ. శిల్పి దృష్టిలో మహత్తు శిశువుది. అందుకే ఆ శిశువును రూపానికి అతీతంగా ఉంచాడు. హుసేన్ దృష్టిలో మహత్తు ఎత్తుకున్నామెది. ఏది పవిత్రమో అది రూపం కోల్పోతుంది, ఎదుటివారు రూపంతో మిగులుతారు. హుసేన్ ఈ ఫలకాన్ని చూసి గీశాడని నేననడం లేదు. అందుకు ఆధారం నా దగ్గర లేదు, అవసరమూ లేదు. ఒక సమస్యకు ఈ నేల మీద పద్దెనిమిది వందల ఏళ్ళ క్రితమే దొరికిన పరిష్కారం ఎలాంటిదో తెలిస్తే, హుసేన్ పరిష్కారాన్ని కొలవడానికి ఐరోపా కొలబద్ద ఒక్కటే దిక్కు కాదని తెలుస్తుంది.

ఇక ఆ గుడ్డ ఏ గుడ్డ? తెలుగు చూపరికి ఇది మరీ ముఖ్యమైన ప్రశ్న. మన పల్లెల్లో తెల్లచీర అనగానే మొదట గుర్తుకొచ్చేది వైధవ్యం. ఆ తరువాతనే ఆసుపత్రి నర్సు, మఠకన్య. నీలి అంచు కలవగానే అర్థం మారుతుంది. గుణదల కొండ ఎక్కినవారికి తెలుపు, నీలం జత వేరే దారిలో కూడా పరిచితం: లూర్దు మాత విగ్రహానికి తెల్లని వస్త్రం, నడుముకు నీలి పట్టీ. మరియమ్మ రంగుగా నీలానికి క్రైస్తవ కళలో ఉన్న ప్రతిపత్తి తెలియకపోయినా, గుణదల తిరునాళ్ళకు వెళ్ళే సామాన్యుడి కంటికి ఆ జత అలవాటే. అంటే హుసేన్ గీసిన మూడు చారల్లో వితంతువు తెలుపు, కలకత్తా వీధులూడ్చే స్త్రీల చవక చీర, మరియమ్మ నీలం కలగలిసి ఉన్నాయి. ముఖం గీసి ఉంటే ఈ మూడింటిలో ఒక్కటీ మిగిలేది కాదు. చూపు నేరుగా ముఖానికి పోయి, ఆగ్నెస్ అనే ఒక అల్బేనియన్ స్త్రీ దగ్గర ఆగిపోయేది.

తెలంగాణ చిత్రకళలోనే దీనికి ఎదురు ఉదాహరణ ఉంది. తోట వైకుంఠం స్త్రీలకు చీర అంచు ఎంత ప్రస్ఫుటమో ముఖం అంతకన్నా ప్రస్ఫుటం. పెద్ద బొట్టు, నిండు పెదవులు, పక్కచూపు. అక్కడ చీర మనిషికి అలంకారం, ఊరికి చిరునామా. హుసేన్ చిత్రంలో చీరే మనిషి.

ఎద్దుబండి మీద రామాయణం

ముఖం లేని బొమ్మను సామాన్యులు అర్థం చేసుకుంటారా? అధ్యాపకులుగా మనం చాలాసార్లు ఎదుర్కొనే ప్రశ్న ఇది. దానికి జవాబు మదర్ థెరిసా చిత్రాలకు పన్నెండేళ్ళ ముందే, మన పరిసరాల్లోనే, ఒక విధంగా దొరికింది.

టాటా బిర్లాల డ్రాయింగు గదులు వదిలి రామాయణం గీయమని రామ్ మనోహర్ లోహియా తనకు సలహా ఇచ్చాడని హుసేన్ చెప్పుకున్నాడు. లోహియా 1967లో కన్నుమూశాడు. హుసేన్ ఆ మాట నిలబెట్టుకోవడానికి హైదరాబాదులో పిత్తి ఇంట రామాయణ శ్రేణి మొదలుపెట్టి ఏళ్ళ తరబడి గీశాడు. వాల్మీకిని, తులసీదాసును పండితుల సహాయంతో చదివించుకున్నాడు. ఆ చిత్రాలను ఎద్దుబండి మీద వేసుకొని హైదరాబాదు చుట్టుపక్కల పల్లెలకు తీసుకెళ్ళి చూపించాడు. ఇదేమి రూపం, కళ్ళెక్కడున్నాయి, ఇట్లా ఎందుకు గీశావని అక్కడ ఎవరూ అడగలేదని ఆయన తరువాతి కాలంలో తృప్తిగా తలుచుకున్నాడు.

చిత్రకారుడి స్వీయకథనాన్ని కొంత తగ్గించుకొని వినాలి. అయినా ఆ పల్లెల వారి సంయమనం నమ్మశక్యమైనదే. చేర్యాల నకాషీ పటం ముందు కూర్చొని కులపురాణం విన్న తరాలవి. పటంలో పాత్రను గుర్తించేది పోలికను బట్టి కాదు. ఒంటి రంగు, కిరీటం, చేతిలోని వస్తువు, నిలబడిన చోటు గుర్తు చెబుతాయి. మిగిలింది కథకుడి కర్ర చివర ఉంటుంది. కథ ముందే తెలిసిన ప్రేక్షకుడికి తోకను, కొండను చూపిస్తే చాలు, హనుమంతుడు వచ్చేస్తాడు. చిత్రకారుడు ఎంత వదిలివేయవచ్చు అన్నది ఆయన ధైర్యాన్ని బట్టి కాక, చూపరి దగ్గర ఎంత నిలవ ఉందన్నదాన్ని బట్టి తేలుతుంది.

మదర్ థెరిసా శ్రేణి కష్టం ఇక్కడే తెలుస్తుంది. రామాయణానికి ఉన్నంత నిలవ పియెటాకు ఇక్కడ లేదు. తెలుగు క్రైస్తవ గృహాల్లో యేసు ముఖం ఎక్కువగా వార్నర్ సాల్మన్ 1940లో గీసిన నూనెరంగుల బొమ్మ నుంచి కేలండర్ల ద్వారా వచ్చినది. మరియ ఒడిలోని మృతదేహం ప్రొటెస్టెంటు ఇళ్ళలో కనబడదు. జాషువా 'క్రీస్తుచరిత్ర' 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొంది, క్రీస్తును తెలుగు పద్యంలో నిలబెట్టింది. చిత్రంలో అటువంటి పని విజయవాడ కేంద్రంగా పి. సాల్మన్ రాజు బాటిక్‌లలో, కొయ్యచెక్కడాల్లో జరిగింది. మన పరిశోధన పద్యాన్ని పట్టించుకున్నంతగా ఆ గుడ్డలను పట్టించుకోలేదు. అందువల్ల హుసేన్ పియెటాను నేరుగా గీయలేదు. ఎవరికీ పరిచయం అక్కరలేని సమకాలీన వ్యక్తి చీరను తెచ్చి, దాని ఒడిలో పాత గాథను కూర్చోబెట్టాడు. నిలవ లేని చోట నిలవ అరువు తెచ్చుకోవడం అది.

ఒక పోలిక, దాని లోపం

ఈ శ్రేణి గురించి మాట్లాడుతూ ఒక ఆరోపణను దాటవేయడం నిజాయితీ కాదు. 1996 తరువాత హుసేన్ మీద సాగిన ప్రచారంలో ఒక జంటపట్టిక కరపత్రాల్లోనూ అంతర్జాలంలోనూ విస్తృతంగా తిరిగింది. ఒకవైపు ఆయన గీసిన నగ్న దేవతామూర్తులు. మరొకవైపు నిండుగా చీర కప్పుకున్న మదర్ థెరిసా. ఒకరిని గౌరవించి, మరొకరిని అవమానించాడన్నది దాని సారాంశం. ఆయన 2006లో దేశం విడిచాడు. 2008 మే 8న ఢిల్లీ హైకోర్టులో జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ ఆయనపై కేసులను కొట్టివేశాడు. అయినా తిరిగి రాలేదు. 2010లో కతార్ పౌరసత్వం తీసుకొని, 2011 జూన్ 9న లండనులో మరణించాడు.

ఆ చిత్రాలు చూసి నొచ్చుకున్నవారి నొప్పిని నేను తేలిక చేయను. కాని ఆ పోలిక మాత్రం కళాదృష్టితో నిలవదు. గుడ్డ ఉండటం మర్యాద, లేకపోవడం అమర్యాద అన్న కొలత రెండు చిత్రాలకూ బయటి నుంచి వచ్చింది. నాగార్జునకొండ శిల్పపట్టికల్లో బుద్ధచరిత్ర ఘట్టాలకు నడుమ చిన్న గళ్ళలో మిథునాలు ఉన్నాయి. మాయాదేవి ఒంటి మీద వస్త్రం ఉందా లేదా అన్నది రాతిగీత దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది. అక్కడ దేహమే పవిత్రార్థాన్ని మోస్తుంది. మదర్ థెరిసా శ్రేణిలో ఆ బరువు గుడ్డ మీద పడింది. నిజానికి ఆ చీర లోపల దేహమే లేదు. ఆమెను నిండుగా కప్పాడు అనడం కన్నా, కప్పడానికి ఎవరినీ గీయలేదు అనడం సరైన వర్ణన. తనకు ఆప్తమైన ముఖాన్ని తుడిచివేయడమూ అవమానమేనని ఎవరైనా అదే తర్కంతో వాదించి ఉంటే ఆ పట్టిక తిరగబడేది.

శ్రేణి తడబడిన చోట

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి ఈ శ్రేణి అంతా సమానంగా ఉన్నతమని అనుకోరాదు. నా దృష్టిలో ఇందులో నిలిచే చిత్రాలు, నిలవని చిత్రాలు స్పష్టంగా విడిపోతాయి. భేదం ముఖంలో లేదు, అది అన్నింటిలోనూ ఖాళీయే. భేదం ఒడిలో ఉంది.

ఒడిలోని బిడ్డకు పక్కటెముకలు ఉన్న చోట, మెడ వెనక్కి వాలిన తీరులో బరువు తెలిసే చోట, మోకాలి గుడ్డ ఆ బరువుకు కుంగిన చోట చిత్రం పియెటా గాథకు సాటి వస్తుంది. అప్పుడు ముసుగులోని నలుపుకు ఒక కారణం కూడా దొరుకుతుంది. ఒడిలో పడుకున్నవారికి పైకి చూస్తే వెలుతురుకు అడ్డంగా వంగిన తల నల్లగానే కనిపిస్తుంది. ముఖం కనబడదు. గుడ్డ అంచు కనబడుతుంది, చేయి తగులుతుంది. మనం ఎదురుగా నిలబడి ఉన్నా, చిత్రం మనకు ఒడిలోనివారి అనుభవాన్ని ఇస్తుంది. పరిచర్య చేసే మనిషి మీది నుంచి పరిచర్య పొందే మనిషి మీదికి దృష్టిని మార్చడం చిన్న విషయం కాదు. క్రిస్టఫర్ హిచెన్స్ 1995లో మదర్ థెరిసా మీద రాసిన పుస్తకంలో ప్రధానమైన ఆక్షేపణ, ఆమె కీర్తి వెనుక రోగి అదృశ్యమయ్యాడన్నది. ఆ ఆక్షేపణ చారిత్రకంగా ఎంతవరకు సరైనదన్నది వేరే చర్చ. ఈ శ్రేణిలోని మంచి చిత్రాల్లో మాత్రం అదృశ్యమైనది ఆమే, రోగి కాదు.

ఒడి ఖాళీగా ఉన్నప్పుడు, లేదా బిడ్డ రెండు గీతల ఆకారంగా మిగిలినప్పుడు, మొత్తం తారుమారవుతుంది. చీర తన పని కోల్పోయి గుర్తుగా మిగులుతుంది. ముసుగు, మూడు చారలు, సంతకం. ముఖ్యంగా ముద్రితచిత్రాలుగా పలు ప్రతులు వెలువడిన వాటిలో ఈ తేలికతనం ఎక్కువ. అమరావతి శిల్పి పాదముద్ర చెక్కినప్పుడు చుట్టూ దేవతలను, యక్షుణ్ణి, తలవంచిన మనుషులను చెక్కాడు. చిహ్నం తనంతట తాను పవిత్రం కాదు, దానికి స్పందిస్తున్నవారి వల్ల పవిత్రం అవుతుంది. స్పందించే దేహాన్ని తీసివేసి చిహ్నాన్ని మాత్రమే ఉంచితే మిగిలేది ముద్ర.

ఈ మాటకు చరిత్ర ఒక విచిత్రమైన అనుబంధం చేర్చింది. 2016 సెప్టెంబరు 4న మదర్ థెరిసాను కాథలిక్ సంఘం పునీతురాలిగా ప్రకటించింది. నీలి అంచు తెల్లచీర నమూనా ట్రేడ్‌మార్కుగా మిషనరీస్ ఆఫ్ చారిటీ పేర నమోదైనదీ ఆ సంవత్సరమే. ఆ సంగతి మరుసటి ఏడు పత్రికల్లో వచ్చింది. చీరను వాణిజ్యానికి వాడుకునేవారిని ఆపడం దాని ఉద్దేశమని సంస్థ తరఫు వివరణ. అది సమంజసమే. కాని ముప్పయ్యారేళ్ళ ముందే ఒక చిత్రకారుడు ఆ మనిషిని తీసివేసి మూడు చారలనే ఉంచితే చాలునని రుజువు చేశాడు. తన బలహీనమైన చిత్రాల్లో ఆ చారలు ఎంత సులువుగా ముద్ర కాగలవో కూడా తెలియకుండానే రుజువు చేశాడు.

ఆ చీర గురించి పోచంపల్లి, పుట్టపాక మగ్గాల నడుమ పెరిగిన మన ప్రాంతపు విద్యార్థులు తప్పక అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: దాన్ని నేసేదెవరు? కలకత్తా దగ్గర టిటాగఢ్‌లో మిషనరీస్ ఆఫ్ చారిటీ బ్రదర్లు నడిపే కేంద్రంలో కుష్ఠురోగం సోకి నయమవుతున్నవారు, నయమైనవారు ఆ చీరలను మగ్గం మీద నేస్తారు. ప్రపంచంలోని సిస్టర్లందరికీ అక్కడి నుంచే వెళతాయి. హుసేన్ చిత్రాల్లో మడతల నుంచి బయటికి వచ్చే చేతులు, ఎవరివో తెలియనివి, లెక్కకు రెండుకన్నా ఎక్కువైనవి, ఆ శ్రేణిలో ఇంకా సరైన వ్యాఖ్యానం పొందని అంశం. వాటిని అన్నిటినీ మదర్ థెరిసా చేతులుగానే ఇంతవరకు లెక్కవేస్తూ వచ్చాం.